కళ్ళజోడు తీసేసి పనిచేసే మనిషికి ఏ లెన్స్?

పేషెంటుకి 63 ఏళ్ళు. బందరులో, చిలకలపూడి వైపు, కవరింగ్ నగలకి రాళ్ళు పొదిగే పని. పద్దెనిమిదో ఏట కూర్చున్న పీట మీదే ఇప్పటికీ కూర్చుంటున్నానని ఆయనే చెప్పారు. ఆయన సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

ఏప్రిల్ చివర్లో భార్యతో కలిసి వచ్చారు. ఇంకో ఊళ్ళో రాసిచ్చిన అంచనా కాగితం చేతిలో ఉంది. రెండు కళ్ళకీ శుక్లం తీసి ట్రైఫోకల్ లెన్సులు (దూరం, మధ్య దూరం, దగ్గర మూడూ చూపించేవి), వారం తేడాతో రెండు ఆపరేషన్లు. ఫోన్లో వీడియో కాల్ మీద డాలస్ నుంచి కొడుకు. "సార్, ఖర్చు గురించి ఆలోచించొద్దు. నాన్నకి అన్నీ కనపడే లెన్స్ వెయ్యండి. మళ్ళీ కళ్ళజోడనేదే ఉండకూడదు" అన్నాడు. తండ్రి మీద ప్రేమతో అన్న మాట అది. అయితే అబ్బాయి మాట్లాడుతున్నంతసేపూ పెద్దాయన జోడు నుదుటి మీదకి నెట్టుకుని, నా బల్ల మీద పడున్న మందు డబ్బాని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చిన్నక్షరాలు చదువుతూ కూర్చున్నారు. ఎడమ కంటితో. నా నిర్ణయంలో సగం అక్కడే జరిగిపోయింది.

మైనస్ పవర్ ఉన్నవాళ్ళకి దూరం మసక, దగ్గర స్పష్టం. నలభై దాటాక అందరూ చత్వారం జోడు కొనుక్కుంటుంటే వీళ్ళు ఉన్న జోడు తీసేసి చదువుకుంటారు. ఈయనకి ముప్పై ఏళ్ళుగా రెండు కళ్ళకీ ఒకే మైనస్ పవర్. బండి మీద, సినిమాలో, పెళ్ళిళ్ళలో జోడు పెట్టుకుంటారు. పీట మీద కూర్చోగానే తీసేస్తారు. అంటే ఆయన దృష్టిలో కళ్ళజోడు లేకపోవడమంటే పని. కొడుకు దృష్టిలో కళ్ళజోడు లేకపోవడమంటే డ్రైవింగ్. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇద్దరి మనసులో ఉన్నవి రెండు వేర్వేరు దూరాలు.

పరీక్షలో తేలినవి

కుడి కన్ను జోడుతో కూడా 6/60 మాత్రమే. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేది ఈ కంటికి 6 మీటర్ల నుంచి గానీ కనపడదు. శుక్లం గోధుమ రంగుకి తిరిగి గట్టిపడింది. మూడేళ్ళ కిందట ఎవరో "ఇంకా ముదరలేదు, ముదిరాక చేయించుకోండి" అన్నారట, అందుకని ఆగారు. ఎడమ కన్ను జోడుతో 6/12. పవర్ మాత్రం మైనస్ వైపు ఇంకాస్త పెరిగింది. శుక్లం మధ్యభాగం గట్టిపడుతున్నప్పుడు ఇలా మైనస్ పెరగడం మామూలే. మామూలు కళ్ళున్న పెద్దవాళ్ళలో ఇది మొదలైతే "ఈ మధ్య జోడు లేకుండానే పేపరు చదువుతున్నాను డాక్టరు గారూ, చూపు వెనక్కొచ్చింది" అని సంతోషంగా వస్తారు. ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడం మా ఉద్యోగం.

షుగరు ఉంది, పన్నెండేళ్ళుగా. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 9.2. ఎడమ కంటి రెటీనాలో (కంటి వెనక తెరలో) అక్కడక్కడా చిన్న చుక్కల్లా రక్తం, మాక్యులా (పదునైన చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) దగ్గర వాపు లేదు. కుడి కంటి రెటీనా శుక్లం అడ్డంతో సరిగ్గా కనపడలేదు. కాంతితో రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ తీస్తే చిత్రం మబ్బుగా వచ్చింది. బీ-స్కాన్‌లో (కంటి అల్ట్రాసౌండ్‌లో) రెటీనా ఊడిపోలేదని మాత్రం తేలింది. అంతకు మించి ఆ కంటి గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు.

కంటి పాప పెద్దది కావడానికి చుక్కలు వేశాం. ముప్పావుగంట గడిచినా కుడి పాప నాలుగు మిల్లీమీటర్లు దాటలేదు. "షుగరు మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అంతకుముందే అడిగాను, లేదన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదన్నారు. ఆయన భార్య కాసేపు ఆయన వైపు చూసి, సంచిలోంచి మందుల కవరు తీసి నా ముందు పెట్టింది. "రాత్రిళ్ళు ఒంటేలుకి లేవకుండా ఇది వేసుకుంటారండీ. మీకు చెప్పడానికి సిగ్గు." టామ్సులోసిన్. ప్రోస్టేట్ మాత్ర. కంటికీ దానికీ ఏం సంబంధమని ఆయన అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈ మందు వాడేవాళ్ళలో ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) పట్టు సడలి, ఆపరేషన్ మధ్యలో తడిసిన గుడ్డలా అల్లాడుతుంది, పాప చిన్నదైపోతుంది. 2005లో ఇద్దరు అమెరికన్ డాక్టర్లు ఈ సంగతి రాసేదాకా మాకూ తెలియదు. మాత్ర ఆపేసినంత మాత్రాన ఆ ఇబ్బంది పూర్తిగా పోదు, అందుకని ఆపమనలేదు. ముందే తెలిస్తే చాలు, సిద్ధపడి ఉంటాం.

టేపు పెట్టి కొలిచింది

లెన్స్ గురించి ఆ రోజు ఏమీ తేల్చలేదు. "బాబాయ్ గారూ, ఈసారి వచ్చేటప్పుడు మీ పనిముట్లు తెచ్చుకోండి" అన్నాను. వింతగా చూశారు. నాలుగు రోజుల తర్వాత ఒక రేకు పళ్ళెంలో చిమటా, మైనం ముద్ద, సగం రాళ్ళు పొదిగిన నెక్లెస్ ముక్క, కాగితం పొట్లంలో తెల్లరాళ్ళు పెట్టుకుని వచ్చారు. కింద కూర్చుంటేనే చెయ్యి కుదురుతుందంటే చాప వేయించాం. జోడు తీసేశారు. కుడి కన్ను దాదాపు మూతపడిపోయింది, ఎడమ కంటితోనే పని. రాయిని మైనం కొసకి అంటించి ఎత్తి, గూట్లో పెట్టి, చిమటా మొనతో చుట్టూ ఉన్న పళ్ళు ఒక్కొక్కటే వంచుతున్నారు. ఆ పళ్ళు నాకు కనిపించనే లేదు. నాకూ చత్వారం వచ్చి ఆరేళ్ళయింది మరి.

మా సిస్టర్ టైలరు టేపు తెచ్చి కన్ను దగ్గర్నుంచి నగ దాకా కొలిచింది. 36 సెంటీమీటర్లు. మరీ చిన్న రాళ్ళకి వంగితే 30.

తర్వాత చిన్న పరీక్ష చేశాను. ఎడమ కంటికి దూరం చూపు పూర్తిగా సరిచేసే అద్దం పెట్టి, ఇప్పుడు అదే పని చేయమన్నాను. ఆ వయసులో కంటికి దగ్గరికి ఫోకస్ మార్చుకునే శక్తి ఉండదు కాబట్టి, ఆపరేషన్‌లో పవర్ సున్నాకి తెస్తే చూపు ఎలా ఉంటుందో అది అచ్చంగా అలాగే ఉంటుంది. చిమటా రాయి పక్కన రెండుసార్లు పొడిచింది. మూడోసారి రాయి ఎగిరిపడింది. "ఇదేం చూపండీ. గోడ మీద క్యాలెండరు కనపడుతోంది, చేతిలో రాయి కనపడట్లా" అన్నారు. దగ్గరికి చదివే జోడు పెట్టుకోవచ్చు కదా అంటే, పీట ముందు కుంపటి ఉంటుందనీ, చెమటకి జోడు జారిపోతుందనీ, నలభై ఏళ్ళ చెయ్యి ఇప్పుడు కొత్త అలవాటు నేర్చుకోదనీ చెప్పారు.

ట్రైఫోకల్ సంగతి కొడుక్కి ఫోన్లో వివరంగా చెప్పాను. ఆ లెన్స్ మీద సన్నటి వలయాలుంటాయి. అవి లోపలికొచ్చే వెలుగుని దూరానికి కొంత, కంప్యూటరు దూరానికి కొంత, దగ్గరికి కొంత పంచుతాయి. దగ్గర అంటే చాలా లెన్సుల్లో 40 సెంటీమీటర్లు. ఈయన చెయ్యి అంతకంటే దగ్గర్లో పనిచేస్తుంది. పంచిన వెలుగు కాబట్టి చూపులో పదును కాస్త తగ్గుతుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనపడతాయి. కారు లైట్ల చుట్టూ వలయం వస్తే కొన్నాళ్ళకి అలవాటు పడతారు. కానీ ఎల్‌ఈడీ దీపం కింద వంద తెల్లరాళ్ళు మెరుస్తుంటే, ప్రతి మెరుపు చుట్టూ ఒక వలయం వేసుకుని కూర్చుంటే ఆయన పొదగాల్సిన గూడు ఎక్కడుంది? పైగా ఆ లెన్స్ బాగా పనిచేయాలంటే మాక్యులా ఆరోగ్యంగా ఉండాలి. కుడి కంటి మాక్యులా ఎలా ఉందో ఆపరేషన్ అయితే గానీ తెలియదు, షుగరు మనిషికి రేపు ఎలా ఉంటుందో అసలే తెలియదు.

నేను ట్రైఫోకల్‌కి వ్యతిరేకిని కాను. రెటీనా బాగుండి, కళ్ళు పొడిబారకుండా, రోజంతా కంప్యూటరు, సాయంత్రం పేపరు, అప్పుడప్పుడు డ్రైవింగ్ ఉండే మనిషి, వలయాల సంగతి విని కూడా సరేనంటే సంతోషంగా వేస్తాను. మామూలు లెన్స్ ప్యాకేజీకీ దానికీ మా దగ్గర మూడు రెట్ల పైనే తేడా. ఆ తేడా వల్లే "ఖరీదైనది మంచిది" అనే లెక్క మొదలవుతుంది. ప్రభుత్వాసుపత్రిలో, క్యాంపుల్లో ఉచితంగా వేసేది మోనోఫోకల్, అంటే ఒకే దూరానికి ఫోకస్ ఉండేది. నేను ఈయనకి వేయాలనుకున్నదీ మోనోఫోకలే. దాని మీద ఏ కంపెనీ పేరుందన్నదాని కంటే ఏ దూరానికి ఫోకస్ పెట్టామన్నది ఎక్కువ పట్టించుకోవాల్సిన సంగతి. ఈ ప్రశ్న ఆ అంచనా కాగితంలో లేదు. చాలా కాగితాల్లో ఉండదు.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. పదకొండేళ్ళ కిందట ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి మైనస్ 5 ఉండేది. ఆపరేషన్ చేసి పవర్ సున్నాకి తెచ్చి, జోడు లేకుండా 6/6 రాగానే నా భుజం నేనే తట్టుకున్నాను. నెల తిరక్కుండా పుస్తకం పట్టుకుని వచ్చారు. పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకుని చదువుకునే అలవాటట, అరవై ఏళ్ళది. "దూరంగా ఉన్నవన్నీ కనపడుతున్నాయి నాయనా, నాకు వాటితో పని లేదు" అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది.

సిలిండరు పవర్‌ని సరిచేసే టోరిక్ లెన్స్ అవసరం లేదు, ఆ పవర్ 0.6 మాత్రమే. ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి పెట్టే పద్ధతి కూడా చెప్పి చూశాను. కానీ అలా చేస్తే చిమటా మొన లోతు అంచనా తప్పుతుంది. చిన్న గూట్లోకి రాయి దించాలంటే రెండు కళ్ళూ కలిసి చూడాలి. కుడి కన్ను మసకబారిన ఈ రెండేళ్ళలో పని సగానికి సగం నెమ్మదించిందంటే కారణం అదే. కాబట్టి రెండు కళ్ళూ దగ్గరికే, మైనస్ 2.75 దగ్గర. వందని 2.75తో భాగిస్తే 36 సెంటీమీటర్లు. బండికి, టీవీకి జోడు ఎప్పటిలా ఉంటుంది.

కొడుకు కాసేపు మాట్లాడలేదు. "ఆపరేషన్ చేసి కూడా మైనస్ ఉంచుతారా సార్?" అన్నాడు. అవునన్నాను.

ఎప్పుడు

కాలం సంగతికొస్తే ఇంట్లో మూడు అభిప్రాయాలు. ఆవిడేమో ఎండలు తగ్గాక, చలికాలంలో చేయిద్దామన్నారు. అది పాతకాలపు జాగ్రత్త. ఇప్పుడు ఏ నెలలోనైనా ఒకటే. కొడుకు పాలసీ సంగతి చెప్పాడు. తల్లిదండ్రుల పేర ఆరోగ్య బీమా తీసుకుని 14 నెలలైంది. శుక్లం ఆపరేషన్‌కి 24 నెలలు ఆగాలని అందులో రాసుంది, చాలా పాలసీల్లో ఉన్నట్టే. ఇంకో పది నెలలు ఆగితే డబ్బొస్తుంది. పెద్దాయన గొడవ శ్రావణం. వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళ ఆర్డర్లన్నీ జూన్ నుంచే మొదలవుతాయి.

కుడి కంటికి పది నెలలు ఆగడం మంచిది కాదన్నాను. గట్టిపడిన శుక్లాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ శక్తి ఎక్కువ కావాలి. ఆ శక్తి నల్లగుడ్డు (కార్నియా) లోపలి పొర మీద పడుతుంది, అక్కడ పోయిన కణాలు మళ్ళీ పుట్టవు. ఇంకా ముదిరి ఉబ్బినా, కారినా కంట్లో ప్రెషర్ పెరిగి నొప్పితో అర్ధరాత్రి పరుగెత్తాలి. ముదరాలన్న సలహా ఒకప్పుడు అర్థమున్నదే. లెన్స్ వేసే పద్ధతి రాకముందు, చూపు పూర్తిగా పోయాకే ఆపరేషన్‌కి సాహసించేవాళ్ళు. ఈయన తల్లికి అప్పట్లో క్యాంపులో చేశారట, చివరిదాకా సోడాబుడ్డి అద్దాలే. ఆయన భయం కూడా అదే. "ఆ అద్దం కంట్లో ఎన్నేళ్ళు ఉంటుందండీ?" అని అడిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానంలో పైలట్ మీదుండే పారదర్శక కప్పు పగిలి పైలట్ల కళ్ళలో దిగిన ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను తోసిపుచ్చలేదని గమనించి, హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో మొదటి లెన్స్ పెట్టాడనీ, ఇప్పటి లెన్సులు మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటాయనీ చెప్పాను. మనిషి కంటే ఎక్కువ అన్న మాట దగ్గర ఆవిడ మొహం చిట్లించారు. ఇంకోలా చెప్పాల్సింది.

ఇప్పుడు ఈ కేసులో నాకు నచ్చిన భాగం. ఫోకస్ ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి రెండో కంటి తారీఖు మారిపోతుంది. కుడి కంటిని సున్నాకి తెచ్చామనుకోండి, ఎడమది పెద్ద మైనస్ దగ్గరే ఉంటుంది. అంత తేడాని జోడుతో సరిచేస్తే రెండు కళ్ళలో బొమ్మలు వేర్వేరు సైజుల్లో పడి తల తిరుగుతుంది. అంటే రెండో ఆపరేషన్ వెంటనే చేయాల్సిందే. ఆ అంచనాలో వారం తేడా అని ఉన్నదందుకే. అదే కుడి కన్ను మైనస్ 2.75 దగ్గర ఆగితే తేడా రెండు లోపే. జోడుతో సర్దుకోవచ్చు, పనిలో ఎలాగూ జోడు ఉండదు. కాబట్టి ఎడమ కన్ను నింపాదిగా, బీమా గడువు తీరాక చేయొచ్చు. శ్రావణం పని పోదు, డబ్బూ పోదు. ఇదే చెప్పాను. అందరికీ నచ్చింది.

షుగరు తగ్గించడానికి ఐదు వారాలు తీసుకున్నాం. ఒక్కసారిగా దించితే రెటీనాకి మంచిది కాదు, అందుకని ఫిజీషియన్‌తో మాట్లాడి మెల్లగా దించాం.

కొలతలో ఒక చిక్కు వచ్చింది. కుడి శుక్లం మరీ దట్టంగా ఉండటంతో కాంతితో కొలిచే మెషీన్ చదవలేకపోయింది. అల్ట్రాసౌండ్ ప్రోబు కంటికి ఆనించి కొలిస్తే కంటి పొడవు 24.61 మిల్లీమీటర్లు వచ్చింది. ఎడమ కన్ను, కాంతి మెషీన్‌లో, 24.88. ఇద్దరు అన్నదమ్ముల్లాంటి కళ్ళకి, ముప్పై ఏళ్ళు ఒకే పవరున్న కళ్ళకి, అంత తేడా ఎందుకుంటుంది? ప్రోబుతో నొక్కితే నల్లగుడ్డు కాస్త లోపలికి పోయి కన్ను పొట్టిగా కనపడుతుంది. నీళ్ళ గిన్నెలాంటి కప్పు పెట్టి, తాకకుండా మళ్ళీ కొలిస్తే 24.93. ఈ మూడోవంతు మిల్లీమీటరుకి ముప్పావు పవర్ తేడా వస్తుంది. ముందు కొలతనే నమ్మి లెన్స్ వేసుంటే ఆయన చూపు 36 సెంటీమీటర్ల దగ్గర కాక 28 దగ్గర కుదురుకునేది. సున్నాకైతే 17 పవర్ లెన్స్, మన దూరానికైతే 20.5. రెండోది తెప్పించాం.

ఆపరేషన్ రోజు

జూన్ మొదటి వారం. కంటి పక్కన ఇంజెక్షన్‌తో మత్తు. పాప నాలుగు మిల్లీమీటర్లు, అందుకని నాలుగు చిన్న హుక్కులతో నాలుగు వైపులా లాగి పట్టాం. ఐరిస్ అయినా ఒకసారి కోత వైపు ఉబికింది. ఆ కవరు ఆవిడ చూపించకపోయుంటే హుక్కులు ట్రేలో ఉండేవి కావు. పది నిమిషాల పని ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. శుక్లం మధ్య గింజ చెక్క ముక్కలా ఉంది. వెనక పొర చెక్కు చెదరలేదు, కొత్త లెన్స్ సంచిలో (శుక్లం తీశాక మిగిలే పలచటి తొడుగులో) కుదురుగా కూర్చుంది.

మర్నాడు కట్టు విప్పితే 6/60. అంతకుముందున్న చూపే. నల్లగుడ్డు వాచి పొగమంచులా ఉంది, నేను ఊహించినదే. ముందే చెప్పాను కూడా. కానీ ముందు చెప్పింది కట్టు విప్పాక ఎవరికీ గుర్తుండదు. డాలస్‌లో అర్ధరాత్రి, అయినా ఫోన్ వచ్చింది. టెన్షన్ నాకూ లేకపోలేదు. ఐదో రోజుకి వాపు తీసింది. నెల తిరిగేసరికి మైనస్ 2.50, సిలిండరు మైనస్ 0.50. జోడుతో 6/6. జోడు లేకుండా 35 సెంటీమీటర్ల దగ్గర అతి చిన్న అక్షరాల వరుస చదివారు. రెటీనా ఇప్పుడు కనపడింది. ఎడమ కంటి లాగే అక్కడక్కడా చుక్కలు, వాపు లేదు.

రంగు సంగతి

ఇక్కడిదాకా నా ప్లాన్ నడిచింది. జులై రెండో వారంలో అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చారు. రేకు పళ్ళెం మళ్ళీ తెచ్చారు, ఈసారి అందులో రెండు గాజులు.

"ఈ రెండూ ఒకే తొట్టిలో పాలిష్ వేశాం. చూడండి" అని ఒకటి నా చేతికిచ్చారు. రెండూ ఒకేలా ఉన్నాయన్నాను. "మీకు ఒకేలా ఉన్నాయి. నాకు కుడి కన్ను మూస్తే బాగా పండిన రంగు. ఎడమ కన్ను మూస్తే వెలిసిపోయిన ఇత్తడి. దేన్ని నమ్మమంటారు? మొన్న ఇరవై జతలు రంగు చాల్లేదని మళ్ళీ తొట్టిలో వేయించా. షాపతను ఎర్రగా ఉన్నాయని తిప్పి పంపాడు."

ముదిరిన శుక్లం పసుపు గాజులాంటిది. నీలం వెలుగుని లోపలికి రానివ్వదు. అది తీసేసి తెల్లటి లెన్స్ పెట్టగానే తెల్లచొక్కా నీలంగా, బంగారం పాలిపోయినట్టు కనపడుతుంది. పేషెంట్లు చాలామంది "లోకం కడిగినట్టుంది" అని మురిసిపోతారు, వారంలో మర్చిపోతారు. మెదడు సర్దుకుంటుంది. రెండు కళ్ళకీ తేడా ఉన్నా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఈయన రాళ్ళు మాత్రమే పొదుగుతారని నేను అనుకున్నాను. పాలిష్ రంగు ఒప్పుకునేది కూడా ఆ ఖార్ఖానాలో ఈయనే. రాళ్ళ దూరం టేపు పెట్టి కొలిచిన నేను, రంగు గురించి ఒక్క మాట అడగలేదు. కవరింగ్ నగల పని చేసే మనిషిని.

రెండు దార్లు. తాత్కాలికంగా రంగు ఒప్పుకునే పని ఇంకొకరికి ఇచ్చి, బీమా గడువు దాకా ఆగడం. లేదా ఎడమ కన్ను ఇప్పుడే చేసేయడం. ఆగినకొద్దీ ఎడమ శుక్లం ఇంకా పసుపెక్కుతుంది, తేడా పెరుగుతుందే గానీ తగ్గదు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. "బీమా డబ్బు కంటే నా కన్ను చెప్పింది ఖాయమనే పేరు నాకెక్కువ" అన్నారు. అది ఆషాఢం. ఆషాఢంలో ఆపరేషనా అని ఇంట్లో అన్నారట. ఆయన వినలేదు. చేతిలో ఉన్న ఆర్డర్లు పది రోజులు తమ్ముడికి అప్పజెప్పారు.

లెన్స్ విషయంలో ఈసారి ఒక్కటే చూసుకున్నాం. నీలం వెలుగుని కొంత ఆపే లేత పసుపు లెన్సులు కూడా వస్తాయి. కుడి కంట్లో తెల్లది ఉంది కాబట్టి ఎడమకీ అదే కంపెనీ, అదే రకం తెల్లదే. రెండు రకాలు కలిపితే మళ్ళీ మొదటికొస్తుంది. మొదటి కన్ను ఫలితం చేతిలో ఉంది కాబట్టి పవర్ లెక్క కూడా సరిచూసుకునే వీలు దొరికింది. ఇదీ 20.5. జులై చివర్లో చేశాం, కుడిది చేసిన ఏడు వారాలకి. హుక్కులు ఈసారీ వాడాం. గింజ మెత్తగా ఉంది, పదమూడు నిమిషాలు పట్టింది. మర్నాడు కట్టు విప్పగానే జోడుతో 6/9. అదే మనిషి, అదే డాక్టరు, అదే మెషీన్. ముదరనిచ్చిన కంటికీ ముదరనివ్వని కంటికీ తేడా పక్కపక్కన చూడటం నాకే అరుదు.

ఆర్నెల్ల చెకప్‌కి జనవరిలో వచ్చారు. రెండు కళ్ళూ జోడుతో 6/6, దగ్గరికి జోడు అక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ 7.4. లెన్స్ వెనక పొర తేటగా ఉంది. కొన్నేళ్ళకి అది మసకబారితే లేజరుతో రెండు నిమిషాల పని అని చెప్పాను. షుగరు ఉంది కాబట్టి ఏడాదికోసారి రెటీనా చూపించుకోక తప్పదని కూడా. తిరిగొచ్చిన ఆ ఇరవై జతల సంగతి అడిగితే, మూడోసారి తొట్టిలో వేసి సంక్రాంతికి అమ్మేశామన్నారు.

వీడియో కాల్ మీద డాలస్. తండ్రి ముక్కు మీద జోడు చూసి కొడుకు నన్ను అడిగాడు: "సార్, నాన్న ఇంకా అద్దాలు పెట్టుకునే ఉన్నారేంటి?" నేను నోరు తెరిచేలోపే ఆయన ఫోన్ తన వైపు తిప్పుకుని, "బండి మీద వచ్చాను కదరా" అంటూ జోడు నుదుటి మీదకి నెట్టుకుని, నేను రాసిచ్చిన మందుల చీటీ చదవడం మొదలుపెట్టారు.